రెండు చుట్ల ముడి

ఉల్లిపాయలు ఇప్పుడు ఎర్రటి వల సంచుల్లో కట్టి అమ్ముతున్నారు. మొన్న ఒక సంచి తెచ్చుకుని, పాయలు బుట్టలో పోసి, ఖాళీ సంచి పారేయకుండా చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. కూర్చున్నాను అనేది మాటవరసకే. నేను ఎక్కడా కుదురుగా కూర్చోను. ఈ వయసులో కూడా టీవీ ముందు పది నిమిషాలుంటే కాళ్లు లాగుతాయి. లేచి వెళ్లి, మడతపెట్టిన బట్టలే విప్పి మళ్లీ మడతపెడతాను. కానీ ఆ సంచి నన్ను పట్టేసింది. ఒకచోట దాని కన్ను తెగి ఉంది. చేతులు వాటంతటవే ఒక పోగు లాగి అక్కడ ముడి వేశాయి. లాగి చూస్తే జారిపోయింది. ఈసారి ఒక చుట్టు ఎక్కువ తిప్పి వేశాను. నిలిచింది.

ఆ ఎక్కువ చుట్టు నాకు ఎక్కడ దొరికిందో ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. నోట్లో మాట ఆగని మనిషినని నాకు పేరు. అయినా అదొక్కటి ఆగింది. దాని మీద ఒట్టు ఉంది.

మాది తడకు తూర్పున, ఉప్పునీళ్ల సరస్సు మధ్యలో ఒక దిబ్బ మీది ఊరు. ఏ పక్కకు నడిచినా కాసేపటికి నీళ్లొచ్చేవి. బడికి పోవాలన్నా, ఉప్పు తప్ప ఇంకేది కొనాలన్నా పడవే. నాలాంటి పిల్లకు అది జైలు. ఊరంతా ఒక్క గుక్కలో తిరిగేసేదాన్ని. ఆరబోసిన రొయ్యల మీద కాకుల్ని తోలమంటే, కాకులకు నాలుగు రొయ్యలు వేసి వాటి వెంట పరుగెత్తేదాన్ని. బడి పడవ కట్టు విప్పేసి, అది ఎటు కొట్టుకుపోతుందో చూద్దామని నిలబడ్డ రోజు నాన్న నన్ను గుంజకు కట్టేసినంత పని చేశాడు. ఇంకొక్కసారి దీని గురించి మాట వచ్చిందంటే బడి మాన్పించేస్తానని అత్తకు చెప్పాడు. నాన్న అన్న మాట తప్పేవాడు కాదు, అదే మా భయం.

అత్త అంటే నాన్నకు అక్క. పెళ్లైన రెండేళ్లకే భర్త నీళ్లలో పోతే పుట్టింటికి వచ్చేసింది. వలలు అల్లడం ఆమె పని. మా పంచలో నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని, వల మొదలు కాలి బొటనవేలికి తగిలించుకుని, వెదురు సూదితో అల్లుకుంటూ పోయేది. తాడు ఒరిసి ఒరిసి ఆ వేలికి గాడి పడింది. ఊళ్లో సగం ఇళ్లవాళ్లు నూలు తెచ్చి ఆమె ముందు పెట్టేవాళ్లు. ఆమె వేసిన ముడి ఊడిందన్న మాట ఊళ్లో ఎవరూ ఎరగరు. ఆమెకు పిల్లల్లేరు, పొలం లేదు, సొంత గుడిసె కూడా లేదు. ఆ పేరు ఒక్కటే ఆమెది.

అల్లడం అయ్యాక వలకు రంగు పెట్టేవాళ్లు. పెద్ద కాగులో తుమ్మచెక్క ఉడకబెట్టి, ఎర్రగా మరిగిన ఆ నీళ్లలో వలను ముంచి తీసేవాళ్లు. ఆ రోజు ఊరంతా వగరు వాసన. అన్నం కూడా వగరుగానే ఉన్నట్టు అనిపించేది. నూలు ఆ నీళ్లు తాగి ఉబ్బి, ముడి రాయిలా బిగిసేది. నీళ్లు తగిలితే ముడి బిగుస్తుందనేది మా ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేని సంగతి.

చేపలు బాగా పడే చోట్లకు మాకు వంతులుండేవి. ఊరివాళ్లందరూ కూర్చుని చీట్లు వేసుకునేవాళ్లు. ఎవరి వంతు రోజు వాళ్లదే ఆ చోటు, ఇంకొకరు వల దించకూడదు. ఆ ఏడు ఎండాకాలం మొదట్లో మంచి చోటు మాకు పడింది, మా వంతు రోజుకు ఇంకా ఇరవై నాలుగు రోజులుంది. మా వల చూస్తే పుచ్చిపోయి ఉంది. అమ్మకు నెలలు నిండాయి. ఆ ఒక్క వంతు మీదే ఇంట్లో అన్ని ఆశలూ పెట్టుకున్నారు.

దక్షిణపు ఒడ్డు వాళ్లు నైలాను వలలు వేస్తున్నారని అప్పటికే మాట వచ్చింది. కుళ్లదట, నీళ్లలో కనబడదట, చేప కళ్లు తెరుచుకునే వచ్చి చిక్కుతుందట. ముసలివాళ్లు నమ్మలేదు. కంటికి కనబడని వలను రేపు మనమే పోగొట్టుకుంటామని నవ్వారు. నాన్న మాత్రం నమ్మాడు. ఆ దారం మా వైపు దొరకదు, సరస్సు కింది కొసన పళవేర్కాడులో దొరుకుతుంది. అది మదరాసు రాష్ట్రం. నేను పాలు తాగే రోజుల్లోనే రాష్ట్రాలు విడిపోయాయట. నీళ్ల మీద గీత ఎవరు గీశారని మా ఊరివాళ్లు అడుగుతూనే ఉండేవాళ్లు.

దారం ఎంచడానికి అత్త వెళ్లాలి. అత్త నన్ను కూడా తీసుకుపోదామంది. నాన్న ఒప్పుకోలేదు. రోజంతా పోరుపెట్టి ఒప్పించింది. నా జడ కొస తన కొంగుకు కట్టుకుంటానని మాటిచ్చింది. నిజంగానే కట్టుకుంది కూడా. ఆ ముడి నేను ఒడ్డు దాటకముందే విప్పేశాను.

కోడి కూసే వేళకు బయల్దేరాం. పడవ మాది కాదు, ఊరి పెద్దది. సాయంత్రం వేటకు ఆయన దాంట్లోనే పోవాలి, దీపాలు పెట్టకముందే తెచ్చి అప్పగించాలి. పొద్దున పడమటి గాలి పక్కనుంచి కొడుతుంటే పోవాలి, పొద్దు వాలే ముందు లేచే సముద్రపు గాలి పట్టుకుని ఉత్తరానికి రావాలి. ఆ గాలి పోతే గడ వేసి తోసుకోవడమే. దారిపొడుగునా నాన్న ఇదే చెప్పాడు. నేను పడవలో ఈ కొసకూ ఆ కొసకూ నడుస్తూ విన్నాను. ఒకచోట నాన్న గడ ఎత్తి చూపించి, ఇక్కడికి మన రాష్ట్రం అయిపోయిందన్నాడు. నేను అంచు మీద వంగి చూశాను. అవే నీళ్లు, అదే బురద, అదే చిన్న చేపల గుంపు ఇటు నుంచి అటు పోతోంది. చెయ్యి ముంచి నాకి చూశాను, ఉప్పు కూడా అంతే. అత్త నా కాళ్లు పట్టుకుని వెనక్కి లాగింది.

చద్దన్నం, ఎండురొయ్యల పొడి పడవలోనే తిన్నాం. ఊరు కనబడేసరికి నాకు ఒళ్లంతా చీమలు పాకినట్టు ఉంది. దీపస్తంభం, ఒడ్డున వరసగా పడవలు, అరవంలో కేకలు. ఎండుచేపల వాసన మాకు కొత్త కాదు. దాని వెంబడే వచ్చిన శొంఠి కాఫీ వాసన, వేగుతున్న మురుకుల వాసన కొత్త. నాన్న తాళ్లు చూసుకోవడానికి వేరే పోతూ, గాలి తిరిగేలోపు పడవ దగ్గర ఉండమన్నాడు. నా వైపు చూసి, బడి మాట గుర్తుంది కదా అన్నాడు. గుర్తుందన్నాను.

దారం అమ్మే సాయిబు అంగడి చిన్నది. అత్త లోపలికి వెళ్లి కూర్చుంది. నైలాను దారం కండెలు తీసి ఆమె ముందు పెట్టాడాయన. తెల్లగా, మెరుస్తూ, గాజును సాగదీసినట్టు ఉన్నాయి. అత్త తొందరపడే మనిషి కాదు. ఒక కొస తీసి కొరికింది. తొడ మీద పెట్టి పురి పెట్టింది. వాసన చూసింది. ఉమ్మి తడిపి వేళ్ల మధ్య నులిమింది. తర్వాత ఇంకో కండె. మళ్లీ కొరకడం, మళ్లీ నులమడం.

"దీనికి తడి అంటడం లేదు సాయిబూ," అంది.

అదే దీని గొప్ప అన్నాడాయన, మా తెలుగులోనే, కొంచెం అరవం కలిపి. అత్త తల ఊపి మూడో కండె అందుకుంది. నేను అప్పటికి డబ్బాలు లెక్కపెట్టేశాను, గోడ మీది బల్లిని లెక్కపెట్టాను, నా కాలివేళ్లు కూడా అయిపోయాయి. ఒక అడుగు గడప బయట పెట్టాను. రెండో అడుగు దానంతటదే పడింది.

ఆ వీధి చివరకు పోయి వచ్చేద్దామనుకున్నాను, అంతే. వీధి చివర ముంజలు కొడుతున్నారు. దాని పక్క సందులో ఆడవాళ్లు తాటాకు పెట్టెలు అల్లుతున్నారు, రంగురంగుల ఆకుతో. దాని తర్వాత ఇంకో సందు. అక్కడ ఒక అరుగు మీద ఒకామె వల అల్లుతోంది. వయసు అత్తలో సగం ఉంటుంది. తెల్లటి నైలాను వల. పాకే పిల్లవాడి మొలతాడుకు ఆ వల ముక్కే కట్టి, రెండో కొస అరుగు స్తంభానికి కట్టింది. వాడు దిగిపోవాలని బలమంతా పెట్టి లాగుతున్నాడు. ఒక్క ముడి కదలడం లేదు. కట్టేసిన పిల్లల్ని చూస్తే నాకు జాలి, అందుకే ఆగాను.

ఆమె చేతులు చూశాను. సూదిని వల కంట్లోంచి పైకి తెచ్చి, ఆ కంటి మెడ చుట్టూ తిప్పి లాగడం, అంతవరకూ అత్త చేసినట్టే ఉంది. కానీ లాగే ముందు ఇంకో చుట్టు తిప్పుతోంది. ప్రతి ముడికీ. నేను వేలుతో చూపించాను. ఆమె నవ్వి రెండు వేళ్లెత్తింది. తర్వాత ఒక చుట్టే వేసి, లాగి చూపించింది. ముడి దారం వెంట జారుకుంటూ పోయింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సూది నా చేతికిచ్చింది. ఆమె మాటలు నాకు రాలేదు, నా మాటలు ఆమెకు రాలేదు. ఎన్ని కళ్లు వేశానో తెలియదు. పుట్టి బుద్ధెరిగాక కుదురుగా కూర్చున్నది ఆ అరుగు మీదే. అదే కొంప ముంచింది.

అత్త గొంతు విని సూది పడేసి పరుగెత్తాను. రెండు సందుల అవతల, మెడలో దారం కండెల సంచితో, జుట్టు రేగిపోయి నిలబడి ఉంది. ఎండ అప్పటికే వాలింది. కొడుతుందనుకున్నాను. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను చెప్పబోతే నా నోరు మూసేసింది.

"నాకు చెప్పబాక. నాకు తెలిస్తే మీ నాయన ముందు నా మొహంలో తెలిసిపోతాది. ఆలిస్యం నాది, దారం ఎంచడంలో అయింది. నువ్వు నా పక్కనే ఉండావు. యాడికి పోయిందీ, ఏం చూసిందీ ఎవురికీ చెప్పనని నా తల మీద ఒట్టెయ్యి."

వేశాను. ఒట్టు తప్పితే ఎవరి తల మీద వేశామో ఆ తల పగిలిపోతుందని మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

నాన్న పడవ దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూశాడు, అక్కను చూశాడు. అత్త అబద్ధం చెప్పింది. ఆమె ఎన్నడూ అబద్ధం చెప్పి ఎరగదు, అందుకే నాన్న నమ్మాడు. సగం దారిలో గాలి పడిపోయింది. నాన్న గడ వేసి తోస్తూనే ఉన్నాడు. ఒడ్డున ఊరి పెద్ద వల భుజాన వేసుకుని ఎదురుచూస్తున్నాడు. ఆయన వేట పోయింది. అందరి ముందు అత్తను అన్నాడు, ముసలితనంలో అంగళ్లు చూసే సరదా ఏమిటని. నాన్న రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. నా బడి మాత్రం నాకు మిగిలింది.

అత్త అల్లడం మొదలుపెట్టింది. ఒక చుట్టు ముడి. ముప్పై ఏళ్లుగా వేసిన ముడి. నేను పక్కన కూర్చుంటాను, లేస్తాను, బయటికి పోతాను, మళ్లీ వస్తాను. జారిపోతాయేమో అత్తా అని ఒకసారి అన్నాను. ఇంకో మాట అంటే ఆమె తలకు ఏమవుతుందోనని నాలుక కరుచుకున్నాను. ఆమె ఒక ముడి లాగి చూసింది. కాస్త జారింది.

"నీళ్లు తాగితే అదే బిగుస్తాదిలే," అంది.

ఒక మధ్యాహ్నం ఆమె అన్నానికి లేచినప్పుడు, ఆగలేక సూది తీసుకుని నేను అల్లాను. జానెడు వెడల్పు ఉంటుంది. ప్రతి ముడికీ రెండు చుట్లు. అడుగుల చప్పుడు వినబడగానే సూది పెట్టేసి కాకుల్ని తోలడానికి పోయాను. ఆమె చూసుకోలేదు. ఒట్టు మాట మీద కదా, చేతుల మీద కాదు కదా అని ఆ రాత్రి పడుకుని అనుకున్నాను. భయం మాత్రం పోలేదు. పొద్దున లేవగానే అత్త తల తడిమి చూశాను. పేలు చూస్తున్నాననుకుని ఆమె తల వంచింది.

అల్లిన వలను తుమ్మచెక్క నీళ్లలో ముంచారు, అలవాటు కొద్దీ. రంగు అంటలేదు. తెల్లగా దిగి తెల్లగానే పైకొచ్చింది. దీనికి తలంటి పోసినట్టుందని అత్త నవ్వింది. ఆ నవ్వు చూసి నేను ఇంటి వెనక్కి పోయి కూర్చున్నాను.

మా వంతు రోజు తెల్లవారేసరికి ఒడ్డంతా జనం. కనబడని వలను చూడ్డానికి వచ్చారు. వల దించి, చుట్టు తిప్పి, లాగుతుంటే మొదట బరువుగానే ఉంది. నాన్న ముఖం వెలిగింది. తర్వాత బరువు తగ్గింది. ఇంకా తగ్గింది. ఒడ్డుకు వచ్చేసరికి అది వల కాదు, దారాల కుప్ప. ముడులు జారి ఒకచోట కళ్లు గుమ్మడికాయంత అయ్యాయి, ఒకచోట అసలు మూసుకుపోయాయి. నాలుగు మడవ చేపలు అడుగున కొట్టుకుంటున్నాయి. మిగతావన్నీ మా కళ్ల ముందే నీళ్లు చీల్చుకుంటూ పోయాయి.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. నాన్న వల కొస ఇసుకలో వదిలేసి, అక్క వైపు చూడకుండా ఇంటికి నడిచాడు. పొద్దెక్కేలోపు ఒకాయన వచ్చి, అల్లమని ఇచ్చిన నూలు తొందర లేదులే అంటూ తీసుకుపోయాడు. అతను మంచివాడే, నేల చూస్తూ అడిగాడు. అత్త నూలు కండెలు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

తర్వాత ఒడ్డుకు పోయి ఆ కుప్ప దగ్గర కూర్చుంది. నేనూ వెళ్లి దూరంగా నిలబడ్డాను. ఆమె ఏడవలేదు. చిక్కులు తీస్తూ, ఒక్కొక్క ముడీ వేలితో చూసుకుంటూ పోతోంది. ఎక్కడ తప్పు జరిగిందో తెలుసుకోకుండా లేచే మనిషి కాదు. చాలాసేపటికి ఆమె చెయ్యి ఆగింది. జానెడు వెడల్పు, చెక్కుచెదరకుండా ఉంది. లాగింది. రెండు చేతులా లాగింది. పంటితో పట్టి లాగింది.

"ఇవి నా ముడులు కావు," అంది, తనలో తనే.

తలెత్తి నా వైపు చూసింది. తర్వాత దక్షిణానికి, నీళ్లవైపు చూసింది. మళ్లీ నా వైపు. ఆమెకు అంతా తెలిసిపోయింది. నేను ఏడుస్తూ నోరు తెరిచాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"చెప్పబాక. ఒట్టేసినావు గదా. నోటితో ఏమీ చెప్పబాక మే. వేసి చూపీ."

సూది నా చేతికిచ్చి, వల కొస తన బొటనవేలికి తగిలించుకుని నా ముందు పెట్టింది. నేను కన్నీళ్లలోనే వేశాను. ఒక చుట్టు, ఇంకో చుట్టు, లాగు. ముప్పై ఏళ్ల పనిమంతురాలు పదేళ్ల పిల్ల వేళ్లను అలా చూడటం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. మూడో ముడికి సూది తను తీసుకుంది.

అన్ని రోజులూ ఆమె పక్కనే కూర్చున్నాను. చేతులు నావే, సూది అందుబాటులోనే ఉంది. దొంగచాటుగా వేసి పారిపోయే బదులు ఆమె కళ్ల ముందు ఒక్క ముడి వేసి ఉంటే చాలు. కూర్చోవాల్సిన చోట పరుగెత్తాను, పరుగెత్తి చెప్పాల్సిన చోట కూర్చున్నాను. ఏది చూసినా వెంటనే చెప్పేస్తానని మా ఇంట్లో విసుక్కుంటారు. వాళ్లకేం తెలుసు.

అత్త ఆ వలంతా విప్పి మళ్లీ అల్లింది. తర్వాత వంతు వచ్చేసరికి తమ్ముడు పుట్టి పాకుతున్నాడు. ఈ మధ్యలో మేము తిన్న గంజి సంగతి వేరే. ఆ వంతుకు వల నిలిచింది. ఊరంతా ఆమె దగ్గరకు వచ్చి నేర్చుకున్నారు. ఎవరు నేర్పారంటే నా మేనకోడలు అని చెప్పేది, దాచకుండా. దానికెక్కడ వచ్చిందని నాన్న అడిగితే మాత్రం, "నేనడగలా అబ్బయ్యా," అనేది. నిజమే, అడగలేదు. చివరిదాకా అడగలేదు.

ఆ తర్వాత కొన్నేళ్లకే మిషను వలలు కట్టలు కట్టలుగా వచ్చేశాయి. వెదురు సూది చూరులోకి పోయింది. కాగులో తుమ్మచెక్క మరగడం ఆగిపోయింది, ఆ వగరు వాసన ఎలా ఉండేదో చెబితే ఇప్పుడు ఆ ఊళ్లోనే ఎవరికీ అర్థం కాదు. అత్త మాత్రం చేతులు ఊరికే ఉండలేక, పాత వలల చిరుగులకు ఒక్కొక్క కన్ను వేసి ఇచ్చేది. పోయేముందు మంచాన ఉన్నప్పుడు వెళ్లాను. దుప్పటి అంచు వేళ్లతో తిప్పుతూ ఉంది. ఒక చుట్టు, ఇంకో చుట్టు, లాగడం. అప్పుడైనా చెప్పేద్దామనుకున్నాను, ఆ అరుగు గురించి, పిల్లవాడి గురించి, నవ్వి రెండు వేళ్లెత్తిన ఆమె గురించి. తెల్లటి ఆ తల చూసి ఆగిపోయాను.

ఇప్పుడు ఆ తల లేదు. అందుకని చెబుతున్నాను.